మధ్యాహ్నం దాకా ఉన్న పిల్ల

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు ఆ ఆసుపత్రిలో అన్నిటికంటే పై అంతస్తులో, నడవా చివర ఉండేది. లోపలికి పోవాలంటే చెప్పులు విప్పి, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుని, వీపు మీద ముడి వేసుకునే ఆకుపచ్చ గౌను తొడుక్కోవాలి. డాక్టర్లు మారారు, నర్సులు మారారు, పిల్లల్ని పడుకోబెట్టే గాజుపెట్టెలు కూడా పాతవి పోయి కొత్తవి వచ్చాయి. ఆయమ్మ మాత్రం అక్కడే ఉంది. ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుందని జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పెద్ద డాక్టరు మొదలుకొని లిఫ్టు నడిపే అతని వరకు అందరూ ఆయమ్మ అనే పిలిచేవాళ్లు. ఇంట్లో మొగుడు కూడా సరదా పుట్టినప్పుడు అలాగే పిలిచేవాడు.

చేసే పని చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. తడిసిన గుడ్డలు మార్చాలి, పాల గొట్టాలు మరిగించాలి, కింది అంతస్తులో ఉన్న బాలింతలు పిండి ఇచ్చిన పాలు పైకి తేవాలి, నేల తుడవాలి. పిల్లలు చూస్తే అరచేతిలో ఇమిడేంత. ఉల్లిపొరలాంటి చర్మం కింద నరాలు నీలంగా కనిపించేవి. ఆయమ్మ చేతులేమో వెడల్పుగా, మొరటుగా ఉండేవి. కొత్తగా చేరిన నర్సులు ఆ చేతుల్లో పిల్లను చూసి గుండె చిక్కబట్టుకునేవాళ్లు. కొన్నాళ్లు పోయాక వాళ్లే, ఎంతకీ ఏడుపు మానని పిల్లను చూపించి, నువ్వోసారి చెయ్యి వెయ్యి ఆయమ్మా అని బతిమాలేవాళ్లు.

ఆవిడ మొగుడు రంగుల మేస్త్రీ. ఆ వార్డు గోడలకు రంగు వేయడానికి వచ్చినప్పుడే ఆవిడను చూశాడు. పని అయిపోయాక కూడా, అక్కడ మచ్చ మిగిలింది, ఇక్కడ మూల వదిలేశాను అని వంకలు పెట్టుకుని మళ్లీ మళ్లీ వచ్చేవాడు. నర్సులందరికీ పైన ఉండే పెద్ద సిస్టర్ ముక్కుసూటి మనిషి. ఆవిడే ఆఖరికి విసిగిపోయి, ఆ పిల్లను అడగదలుచుకున్నదేదో అడిగేసి మా గోడల్ని వదిలిపెట్టు నాయనా అంది. అలా పెళ్లయింది. ఒక్కతే కూతురు.

ఆయమ్మను కన్నరోజే ఆవిడ తల్లి కన్నుమూసింది. పెంచింది అమ్మమ్మ. ఆ ముసలావిడ చర్చి ఊడ్చి, బెంచీలు తుడిచేది. పని చేస్తున్నంతసేపూ పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడేది. ఊడ్చిన చోటే మళ్లీ దుమ్ము పడితే ఆయన మీదే విసుక్కునేది. అమ్మ ఎందుకు అంత తొందరగా పోయిందని చిన్నప్పుడు ఆయమ్మ అడిగితే, చీపురు ఆపకుండానే జవాబు చెప్పింది.

"ఆయనకి పుట్టినరోజు లేదే పిల్లా. పుట్టినరోజు లేనివాడికి మన వయసులేం తెలుస్తాయి? మీ అమ్మా, నేనూ, నువ్వూ, అందరం ఆయన ముందు ఇలా వచ్చాం, అలా పోతాం. ఎప్పటికీ ఉండేది ఆయనొక్కడే. మనం పోయేది ఆ ఉండేవాడి దగ్గరికే. ఇంక భయం దేనికి?"

చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రతి ఆదివారం చెప్పే పెద్ద పెద్ద మాటలకంటే ఈ మాటే ఆయమ్మ మనసులో నాటుకుపోయింది. తల్లి లేని లోటు ఆ మాట మీద ఆనుకునే గడిచిపోయింది. అమ్మమ్మ పోయినప్పుడు కూడా ఏడ్చింది గానీ కుంగిపోలేదు.

వార్డులో చేరిన కొత్తల్లో ఒక రోజు, ఒక మగపిల్లాడి ప్రాణం మీదికి వచ్చింది. తల్లీతండ్రీ చర్చికి వెళ్లేవాళ్లే. బాప్తిస్మం ఇప్పించాలని అయ్యగారికి కబురు పంపారు. ఆయన ఎంతకీ రాలేదు. పిల్లాడి పెదవులు నల్లబడుతున్నాయి. పెద్ద సిస్టర్ డాక్టరుకు చెయ్యి అందిస్తూనే ఆయమ్మ వైపు తిరిగి, ఇలాంటి సమయంలో నమ్మకం ఉన్నవాళ్లెవరైనా నీళ్లు పోయొచ్చు, నువ్వు పొయ్యి అంది. ఆయమ్మ బల్ల వైపు చూసింది. ఫ్లాస్కులో కాచి చల్లార్చిన నీళ్లున్నాయి. దూది తడిపి ఆ చిన్న నుదుటి మీద మూడుసార్లు పిండింది. తండ్రి చెప్పిన పేరు పలికి, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరున అని తడబడుతూ అంది. పిల్లాడు ఆ కాసేపట్లోనే పోయాడు. తప్పు చేశానేమోనని ఆ సాయంత్రం భయపడుతూనే అయ్యగారి దగ్గరికి వెళ్లి చెప్పుకుంది. ఆయన తప్పు లేదన్నాడు. ఇంకోసారి అవసరమొస్తే తడబడకుండా ఏమనాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు.

ఆ తర్వాత అది ఆయమ్మ పనుల్లో ఒకటైపోయింది. అడిగినవాళ్లకే పోసేది, అడగనివాళ్ల జోలికి పోయేది కాదు. డాక్టర్లు తల దించుకుని గాజుపెట్టె దగ్గర్నుంచి పక్కకు తప్పుకున్నాక, పెద్ద సిస్టర్ కనుసైగ చేస్తే, ఫ్లాస్కు తీసుకుని వెళ్లేది. అలాగని అందరికీ ఆవిడ రాక ఇష్టంగా ఉండేది కాదు. ఫ్లాస్కు పట్టుకుని నడవాలో కనిపిస్తే చాలు, బెంచీ మీద కూర్చున్న తండ్రులు ముఖాలు తిప్పుకునేవాళ్లు. ఒకాయనైతే లేచి నిలబడి, మా పెట్టె వైపు రాకు తల్లీ అని చేతులు జోడించాడు. ఆవిడ అప్పుడు తాగడానికి నీళ్లు తీసుకెళ్తోంది.

నీళ్లు పోశాక తల్లులతో ఆవిడ ఎప్పుడూ ఒకే రకం మాట చెప్పేది. దేవుడి దగ్గర కాలం ఉండదమ్మా, అక్కడ చిన్న వయసనీ పెద్ద వయసనీ లేదు, నీ బిడ్డ ఎంతసేపున్నా ఆయన దగ్గర నిండు బతుకే అనేది. అమ్మమ్మ మాటనే కాస్త మార్చి చెప్పడం అది. చాలామంది ఆ మాట విని ఆవిడ భుజం మీద తల వాల్చేవాళ్లు. ఒక్క తల్లి మాత్రం ఏడుపు ఆపి, ముఖంలోకి సూటిగా చూసి అడిగింది.

"అక్కడ మావాడు పెరుగుతాడా? ఇంతే ఉండిపోతాడా?"

ఆయమ్మ గుడ్డలో ఉన్న ఆ చిన్న ముఖం వైపు చూసింది. కాలమే లేనప్పుడు పెరగడం ఎక్కడిది? పెరగకపోతే అలాగే గొట్టాలు పెట్టుకున్నంత చిన్నగా, కళ్లు విప్పకుండానే ఉండిపోతాడా? ఆ తల్లి జవాబు కోసం చూసి చూసి, చివరికి తనే పోనీలే అంది. ఆయమ్మ ఆదివారం అయ్యగారిని అడిగింది. పోయినవాళ్లు తిరిగి లేచాక దేవుడిచ్చే మహిమ శరీరం గురించి ఆయన చాలాసేపు చెప్పాడు. ఇంటికి వచ్చాక మొగుడు, ఇంతకీ పెరుగుతారన్నాడా లేదన్నాడా అని అడిగితే, ఆవిడ ఆలోచించి, అది మాత్రం చెప్పలేదు అంది. మొగుడు నవ్వాడు. ఆవిడా నవ్వేసింది. ఆ వయసులో అలా నవ్వేయగలిగింది.

కూతురు పెరిగి పెద్దదై కళ్లద్దాల దుకాణంలో పనికి కుదిరింది. మాట తక్కువ పిల్ల. ముక్కు మీద జారే కళ్లద్దాలను నాలుగు మాటల్లో సరిచేసి పంపేది. బస్సు డ్రైవరును పెళ్లి చేసుకుని, నాలుగు వీధుల అవతల కాపురం పెట్టింది. చాలా ఏళ్లు పిల్లలు కలగలేదు. ఎవరైనా అడిగితే ఆ పిల్ల నవ్వి ఊరుకునేది. ఆయమ్మ మాత్రం పొద్దున గౌను తొడుక్కునేటప్పుడల్లా దేవుడికి ఒకటే విన్నవించుకునేది. ఇంతమంది పిల్లల్ని నీ చేతికి అందించాను, ఒక్క పిల్లను నా చేతికి అందించు అని.

అంతా ఆశ వదులుకున్నాక కూతురు నెల తప్పింది. ఆ ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే రంగుల మేస్త్రీ సంగతి చెబితే సరిపోతుంది. ఆయన కూతురి ఇంట్లో చిన్న గదికి రంగు వేశాడు. ఎండ పడితే బాగోలేదని మళ్లీ వేశాడు. పిల్ల కళ్లకు గుచ్చుకుంటుందేమోనని ఇంకోసారి వేశాడు. అల్లుడు, ఇలాగే వేస్తూ పోతే గదిలో పిల్లకి చోటు ఉండదు మామయ్యా అన్నాడు. కూతురు ఏదో ఒక పేరు అనుకుంది. ఏమిటో మొగుడికి కూడా చెప్పలేదు. బాప్తిస్మం రోజున అయ్యగారు అడిగినప్పుడే చెప్తానని, అప్పటిదాకా ఎవరూ విసిగించొద్దని అంది.

నొప్పులు చాలా ముందే వచ్చాయి. ఆ పొద్దున ఆయమ్మ డ్యూటీలోనే ఉంది, కూతుర్ని కింది అంతస్తుకు తెచ్చారన్న కబురు ఇంకా అందలేదు. పాల గొట్టాలు మరగబెట్టి తీస్తుండగా కిందినుంచి పిల్ల వస్తోందని ఫోను వచ్చింది. అలవాటు ప్రకారం వెళ్లి తలుపు తీసి పట్టుకుంది. గుడ్డలో చుట్టిన పిల్లను రెండు చేతుల మధ్య పట్టుకుని పెద్ద సిస్టరే స్వయంగా వచ్చింది. మామూలుగా ఆవిడ కిందికి వెళ్లదు. ఆవిడ ముఖం చూడగానే ఆయమ్మకు అది ఎవరి పిల్లో తెలిసిపోయింది.

"గౌను విప్పేసి బయట కూచో. ఇవాళ నువ్విక్కడ ఆయమ్మవి కాదు" అంది పెద్ద సిస్టర్.

ఆవిడ గౌను విప్పలేదు గానీ బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చుంది. ఏళ్ల తరబడి ఆ బెంచీని తుడిచింది, ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడినుంచి చూస్తే వార్డు తలుపు మీద గుండ్రటి అద్దం తప్ప ఏమీ కనిపించదు. లోపల ఎవరైనా కదిలితే ఆ అద్దంలో నీడ తిరుగుతుంది. ఆ నీడను చూసి తండ్రులు ఎందుకు అంతగా ఉలిక్కిపడేవాళ్లో ఆవిడకు ఇప్పుడు తెలిసింది.

కాసేపటికి చిన్న డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఊపిరితిత్తులు విచ్చుకోలేదని, మందు పెట్టామని, చేయగలిగినదంతా చేస్తున్నామని చెప్పింది. ఆ మాటల్లో ఏ మాట తర్వాత ఏది వస్తుందో ఆయమ్మకు తెలుసు. ఆ డాక్టరమ్మ వాటిని ఇంకెవరితోనో చెబుతున్నప్పుడు పక్కన నిలబడి ఎన్నోసార్లు విన్నది. అయినా కొత్తగా వింటున్నట్టు, అంటే బతుకుతుందా అమ్మా అని అడిగింది. డాక్టరమ్మ ఆవిడ చేతిని ఒకసారి నొక్కి లోపలికి వెళ్లిపోయింది.

అల్లుడు అయ్యగారి కోసం పరుగెత్తాడు. ఆయన ఊళ్లో లేడు, దూరంగా ఎక్కడో భూస్థాపన చేయించడానికి వెళ్లాడని, సాయంత్రానికి గానీ రాడని తెలిసింది. అప్పటికి రంగుల మేస్త్రీ కూడా పని వదిలేసి వచ్చాడు. చేతులు ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో రంగు పోలేదు. లోపలికి రానివ్వలేదు. గుండ్రటి అద్దానికి ముఖం ఆనించి, చేతులు జేబుల్లో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి పెళ్లాం పక్కన కూర్చున్నాడు.

"అయ్యగారు దొరకలేదు. నువ్వే పొయ్యవే" అన్నాడు.

"ఇంకాసేపు చూద్దాం."

"ఏం చూద్దాం?"

"ఒంటికి మళ్లీ రంగు తిరిగింది. ఇందాక చూశాను. ఊపిరి కూడా పర్లేదు."

రంగు తిరగలేదు. అది ఆవిడకు తెలుసు. అద్దంలోంచి చూసి వచ్చిన ఆయనకూ తెలుసు. కాసేపు పోయాక పెద్ద సిస్టర్ తలుపు సగం తెరిచి, ఫ్లాస్కు కడిగి నీళ్లు పోసి ఉంచానని చెప్పింది. ఇప్పుడే వద్దు సిస్టర్ అంది ఆయమ్మ. ఆ వార్డులో తను నీళ్లు పోసిన పిల్లలెవ్వరూ ఇంటికి వెళ్లలేదు. ఆ దూది తడిపితే తన చేత్తో తనే తలుపు మూసినట్టు అవుతుందని ఆవిడకు అనిపించింది. పొయ్యకుండా ఉంటే ఇంకా ఏదో తెరిచి ఉన్నట్టే. ఇది బుద్ధి ఉన్నవాళ్లు ఆలోచించే తీరు కాదని తెలిసి కూడా, ఆ బెంచీ మీద కూర్చున్న మనిషికి అంతకంటే వేరే ఆలోచన రాలేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి, పిల్లను కూతురికి ఒకసారి చూపిద్దామని లేచి కిందికి వెళ్లింది. కూతురు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టు దగ్గరికి తోసుకొచ్చింది. లిఫ్టులో మాసిన దుప్పట్ల బండి ఎక్కించారు. అది దింపేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగినంతసేపూ కూతురు, జుట్టు నల్లగా ఉందా అమ్మా అనీ, ఎవరి పోలిక అనీ అడుగుతూనే ఉంది. నువ్వే చూద్దువుగాని పద అంది ఆయమ్మ.

పైన లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి అల్లుడు గోడకు నుదురు ఆనించి నిలబడి ఉన్నాడు. వార్డు తలుపు దగ్గర పెద్ద సిస్టర్ చేతులు కట్టుకుని ఉంది. అంతసేపు పనిచేసిన యంత్రాల చప్పుడు ఆగిపోయింది.

పిల్లను తుడిచి, తెల్లటి గుడ్డలో చుట్టి తల్లి ఒళ్లో పెట్టారు. కూతురు గుడ్డ విప్పి చూసింది. కాళ్లు చూసింది, చెవులు చూసింది. గోళ్లు కూడా వచ్చాయమ్మా అంది, మెచ్చుకుంటున్నట్టు. చాలాసేపటికి తలెత్తింది.

"నీళ్లు పోశావా?"

ఔనని అనేస్తే అయిపోయేది. అక్కడున్నవాళ్లెవరూ కాదనేవాళ్లు కారు. ఆయమ్మ నోట్లో ఆ మాట రాలేదు.

"లేదు."

"అందరి పిల్లలకీ పోస్తావుగా" అంది కూతురు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అంది. ఆయమ్మ కుర్చీ పక్కన నేల మీద కూలబడింది.

చిన్న నర్సు ఒకతె దగ్గరికి వచ్చి, కాగితంలో రాయాలి, పేరేమైనా అనుకున్నారా అని మెల్లిగా అడిగింది. అనుకున్నాను, చెప్పను అంది కూతురు. నర్సు అర్థం కాక అల్లుడి వైపు చూసింది. కూతురు పిల్లను మళ్లీ గుడ్డలో చుడుతూ, దాన్ని పిలవడానికి పెట్టుకున్నాను, రాసుకోవడానికి కాదు అంది.

అయ్యగారు చీకటి పడకముందే ఆయమ్మ ఇంటికి వచ్చాడు. మంచి మనిషి. ముసలివాడవుతున్నాడు. ఒక సమాధి దగ్గర్నుంచి నేరుగా వచ్చాడేమో, బూట్లకు మట్టి ఆరలేదు. కాసేపు ప్రార్థన చేశాడు. ఆయమ్మ కళ్లు మూసుకోలేదు. ప్రార్థన అయ్యాక అడిగింది.

"నీళ్లు పోయకపోతే ఏమవుతుంది అయ్యగారూ?"

"ఏమీ కాదమ్మా. నువ్వు దాని గురించి బెంగ పెట్టుకోకు. నీళ్లు మన ఆనవాలు. ఆయన దయ మన చేతుల కోసం కాచుకుని ఉండదు. నీ మనవరాలు ఆయన దగ్గరే ఉంది."

"మరి ఇన్నాళ్లూ నేను పోసింది?"

ఆయమ్మే మళ్లీ అంది.

"నీళ్లు కావాల్సిందే అయితే నా మనవరాలికి నేనే అన్యాయం చేశాను. అక్కర్లేదంటే ఇన్నేళ్లూ ఊరికే దూది తడిపాను. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి."

అయ్యగారు రెండూ కాదన్నాడు. ఆ తల్లులకు అది ఎంత ఆదరువో గుర్తుచేశాడు. తర్వాత, ఇలాంటి చోట ఎప్పుడూ చెప్పే మాట చెప్పాడు. దేవుడు ఆదీ అంతం లేనివాడని, ఆయన ముందు మన ఏళ్లన్నీ కలిపినా ఒక గడియ కూడా కాదని, మధ్యాహ్నం దాకా బతికినా నూరేళ్లు బతికినా ఆయన దగ్గర ఒకటేనని అన్నాడు. ఆయమ్మ ఆ మాటను ఎంతోమంది చెవుల్లో వేసింది. తన చెవిన పడటం ఇదే మొదలు. వింటుంటే దానిలో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు.

"ఒకటే అయితే నూరేళ్లు ఇవ్వొచ్చుగా" అంది.

అయ్యగారు తల వంచుకున్నాడు. రంగుల మేస్త్రీ లోపలికి వెళ్లి ఆయనకు తాగడానికి నీళ్లు తెచ్చాడు. ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుని, తాగకుండానే లేచి వెళ్లాడు. ఆయన్ని అలా పంపించినందుకు ఆయమ్మకు బాధ కలిగింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

మర్నాడు పాతిపెట్టారు. సమాధుల తోటలో పడమటి గోడ వెంట చిన్నపిల్లలకు ఒక వరస ఉంది. అక్కడ చోటు తక్కువని, కొన్నేళ్లకోసారి ఆ వరసను మళ్లీ తవ్వి కొత్తవాళ్లకు ఇస్తామని తోట పెద్ద ముందే చెప్పాడు. రంగుల మేస్త్రీ తన చేత్తో చిన్న చెక్క శిలువ చేసి తెల్లరంగు వేశాడు. పక్కనున్న వాటి మీదంతా పేర్లున్నాయి. దీని మీద ఏం రాయమంటావని కుంచె పట్టుకుని కూతురిని అడిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. శిలువ తెల్లగానే ఉండిపోయింది.

ఆయమ్మ వారం తిరక్కుండానే పనిలోకి వెళ్లింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని వెళ్లింది గానీ, పనిలో కూడా అంత తేడా కనిపించలేదు. గుడ్డలు మార్చేది, గొట్టాలు మరిగించేది. ఎవరైనా నీళ్లు పొయ్యమని అడిగితే పోసేది కూడా. చేతులు వణికేవి కావు, మాట తడబడేది కాదు. ఆ తర్వాత తల్లులకు చెప్పే మాట మాత్రం మానేసింది. ఏదైనా చెప్పు ఆయమ్మా అని ఒకావిడ కొంగు పట్టుకుని అడిగితే, ఆవిడ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఎంతసేపటికీ ఏమీ చెప్పకపోయేసరికి ఆ తల్లి చేతిని తోసేసి మొగుడి వైపు తిరిగింది. నువ్వు వాళ్లకి ఆ నాలుగు మాటలు చెబితే నీ సొమ్మేం పోయిందని పెద్ద సిస్టర్ తర్వాత కోప్పడింది. నమ్మకం లేని మాట నోట రాదు సిస్టర్ అంది ఆయమ్మ. దేవుడు లేడంటావా అని సిస్టర్ నిలదీసింది. ఎందుకు లేడు, ఎప్పుడూ ఉంటాడు, ఉండనిది మనమేగా అని నేల తుడుస్తూ జవాబు చెప్పింది.

నిజంగానే ఆవిడకు దేవుడి మీద అనుమానం రాలేదు. అది వచ్చినా కొంత తెరిపిగా ఉండేదేమో. ఆయన ఉన్నాడు. ఆసుపత్రి కట్టకముందూ ఉన్నాడు, అది కూలిపోయాకా ఉంటాడు. అంత పొడుగు ఉనికిలో ఒక పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉన్న పిల్ల ఎక్కడ ఆనుతుంది? చిన్నప్పుడు అమ్మమ్మ చెబుతుంటే కొండంత అండగా కనిపించిన పెద్దతనమే ఇప్పుడు ఊపిరాడనివ్వని పెద్దతనంగా తోచింది. మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన మొదలుపెడితే, పిల్లను ఏ పేరుతో తలచుకోవాలో తెలిసేది కాదు. అక్కడే ఆగిపోయేది.

కూతురు మళ్లీ దుకాణానికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నాలు పుట్టింటికి వచ్చేది. బస్సుల సంగతి, గిరాకీల సంగతి, పక్కింటివాళ్ల గొడవల సంగతి మాట్లాడుకునేవాళ్లు. తల్లి మీద కోపం ఉందో లేదో ఎప్పుడూ బయటపడలేదు. తలకు నూనె రాయనిచ్చేది, పెట్టింది తినేది. వెళ్లేటప్పుడు వస్తానమ్మా అని ఎప్పటిలాగే చెప్పేది. కానీ వాళ్లిద్దరి మధ్య గాజుపెట్టె ఒకటి అడ్డం ఉన్నట్టే ఉండేది. మళ్లీ పిల్లలు కలగలేదు. అల్లుడు దూరపు బస్సులు అడిగి వేయించుకున్నాడు. మేస్త్రీ మూడుసార్లు రంగు వేసిన గదిలో బట్టలారేసే తాళ్లు కట్టారు.

కొన్నేళ్లకు తోట పెద్ద దగ్గర్నుంచి కబురు వచ్చింది, ఆ వరస తవ్వేస్తున్నారని. ఆ రోజు మోకాళ్ల నొప్పులతో ఆయమ్మ పనికి వెళ్లలేదు. అయినా మొగుడితో కలిసి బయల్దేరింది. కూతురు రానంది. వీళ్లు వెళ్లేసరికే తవ్వడం అయిపోయింది. మట్టి చదును చేశారు. పీకేసిన శిలువలన్నీ గోడ పక్కన కుప్పగా పోసి ఉన్నాయి. మేస్త్రీ కుప్పలో చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసి చూడటం మొదలుపెట్టాడు. వానలకూ ఎండలకూ వాటి మీద రంగు ఎప్పుడో రాలిపోయింది. పేర్లు రాసిన వాటి మీద కూడా అక్షరం లేదు. అన్నీ బూడిద రంగు చెక్కలే. తను చేసినదాన్ని తనే గుర్తుపట్టలేకపోయాడు. ఇదేమో అన్నాడు. కాసేపటికి, కాదేమో అన్నాడు.

"వదిలెయ్యండి. ఏదైతేనేం" అంది ఆయమ్మ.

ఆయన చేతిలో ఉన్నదాన్ని కుప్ప మీద జాగ్రత్తగా పెట్టి, చేతులు దులుపుకున్నాడు. చదును చేసిన మట్టిలో అప్పుడే ఒక కొత్త గుంట తవ్వి ఉంది. ఎవరి కోసమో వాళ్లు అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు కూతురి దుకాణం ముందు ఆగి సంగతి చెప్పారు. ఆ పిల్ల ఎవరివో కళ్లద్దాలు మెత్తటి గుడ్డతో తుడుస్తూ విన్నది. సరే అంది. ఎండలో నడవకండి, ఆటో ఎక్కండి అని చెప్పి, లోపల గిరాకీ పిలిస్తే వెళ్లిపోయింది.

ఆయమ్మ చర్చికి వెళ్లడం మానలేదు. మానితే ఆదివారం పొద్దున్న ఏం చేయాలో ఆవిడకు తెలియదు. వెనక బెంచీలో, గోడ వారగా మొగుడి పక్కన కూర్చునేది. పాటలు పాడేది. అందరూ కలిసి చదివే ప్రార్థనలో ప్రతి మాటా పలికేది. చివర యుగయుగములు అనే చోటికి వచ్చేసరికి మాత్రం నోరు మూసుకునేది. ముందు బెంచీలవాళ్లకు అది ఎలాగూ తెలియదు. పక్కనున్న మొగుడు చాలాకాలం క్రితమే కనిపెట్టాడు. ఎందుకని అడగలేదు. ఆయన గొంతు మంచిది కాదు, శ్రుతి అసలే ఉండదు. అయినా ఆ మాట దగ్గర మాత్రం, ఇద్దరి వంతూ తనే తీర్చాలన్నట్టు, గట్టిగా అనేవాడు. ముందు కూర్చున్నవాళ్లు తిరిగి చూసేవాళ్లు. ఆయమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, అది అయ్యేదాకా నేల చూసేది.